లేని గీతకు పడ్డ దెబ్బ

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క మాట కూడా నేను అల్లింది కాదు. నన్ను ఎరిగిన మా బజారువాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. మానేరు వాగులో మొసలి నా చెప్పు మింగి, మరుసటి వానాకాలం ఒడ్డున తెచ్చి పెట్టి పోయిందని చెప్పింది నేనే. అది వేరు, ఇది వేరు. ఈసారి అన్నం తినే కుడిచేతి మీద ఒట్టు వేసి చెబుతున్నాను. కుడిచెయ్యే ఎందుకంటే, జరిగిందంతా ఆ చేతి మీదే జరిగింది.

మా బాపు నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అక్కడ ఇరుకు ఇల్లు, మూడు షిఫ్టుల బతుకు. అందుకని నన్ను కరీంనగర్ వైపున్న మా సొంత ఊళ్లో, మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు ఇంట్లో ఉంచి చదివించారు. ఊరు నిండా మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడు నడుమ మా పెద్దబాపు అచ్చు మిషను చప్పుడు ఒంటరిగా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు వినిపించేది. ప్రెస్సంటే పెద్దదేమీ కాదు. ఒక గది, కాలితో తొక్కే మిషను ఒకటి, గోడ పొడుగునా గళ్ల పెట్టెలు, ఆ గళ్లలో సీసపు అక్షరాలు. ఒక్కో అక్షరం ఏరి, చేతిలో పట్టుకున్న ఇనుప స్టిక్కులో వరసగా పేర్చుకుంటూ పోవాలి. స్టిక్కు నిండితే ఒక లైను అయినట్టు.

పెద్దబాపుకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వచ్చు, అవి కూడా తిరగేసి వచ్చు. సీసపు అక్షరం అద్దంలో చూసినట్టు ఉంటుంది కదా, ఆయన నేర్చుకున్నదే అలా. ఎవరైనా ఇంగ్లీషు కాగితం చేతికిస్తే దాన్ని వెనక్కి తిప్పి, ఎండకు ఎత్తిపట్టి చూసేవాడు. నవ్వకండి, ఒట్టు వేశాను.

అలాంటి మనిషికి మాట ఎక్కడ విరవాలో ఎలా తెలుస్తుంది? స్టిక్కు నిండేదాకా పేర్చుకుంటూ వెళ్లేవాడు. నిండగానే ఒక చిన్న అడ్డగీత పెట్టి, మిగిలిన ముక్కను కింది లైనుకు తోసేవాడు. గీత ఎక్కడ పడితే అక్కడే మాట విరిగినట్టు. బట్టల దుకాణం కరపత్రంలో 'క్లాత్' అనే మాటను బట్ట చించినట్టు రెండుగా చించేశాడు. మా బడి వార్షికోత్సవం నోటీసులో 'స్కూల్' నడుము విరిచాడు. అక్షరాలన్నీ ఉన్నాయి కదా, ఒక్కటి కూడా కింద పడలేదు కదా అనేది ఆయన వాదన.

ఆ వాదన ఒప్పుకోనివాడు ఊళ్లో ఒక్కడే. మా ఇంగ్లీషు సారు.

సారు దగ్గర ఇటుక అంత డిక్షనరీ ఒకటి ఉండేది. అందులో ప్రతి మాట మధ్యలో చిన్న చిన్న చుక్కలు ఉండేవి. ఆ చుక్కల దగ్గర తప్ప మాట విరగకూడదు. ఊళ్లో ఎవరికీ పట్టని ఆ చుక్కలు సారుకు ప్రాణం. మా ప్రెస్సులోంచి వచ్చిన ప్రతి ఇంగ్లీషు కాగితాన్నీ సంపాదించి, తప్పు విరుపులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, బడి నోటీసుబోర్డు మీద అంటించేవాడు. తర్వాత ఏడో తరగతికి వచ్చేవాడు. ఏడో తరగతిలో నేనున్నాను.

"ప్రెస్సోడా, లే. ఇయ్యాల మీ పెద్దబాపు నాలుగు మాటల మెడలిరిచిండు. చెయ్యి పట్టు."

"గవి నేను అచ్చు కొట్టలే సార్."

"మీ పెద్దబాపు నా క్లాసుల లేడు గదరా. నువ్వున్నవ్."

ఆ బెత్తం పొడుగు చెబితే మీరు నమ్మరు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే నాలుగో బెంచీ అందేది. విరిగిన మాటకు ఒక దెబ్బ. పెద్ద కరపత్రం వచ్చిన రోజున రెండు చేతులూ చాలేవి కావు.

ఒకనాడు బజారులో చాయ్ హోటల్ దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. సారు గ్లాసు బల్ల మీద పెట్టి, అందరూ వినేలా అన్నాడు. "ఏమయ్యా, ఇంగ్లీషును బెండకాయలు తరిగినట్టు తరుగుతున్నవ్."

పెద్దబాపు తాగడం కూడా ఆపలేదు. "నా స్టిక్కు ఆరంగుళాలు సారూ. మీ మాట ఏడంగుళాలుంటే తప్పు నాదా? జర పొట్టి మాటలు నేర్పుండ్రి పోరగాండ్లకు."

హోటలంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు మరునాడు పొద్దున నా అరచేతి మీద ఎనిమిది గీతలై తేలింది.

ఇంట్లో చెప్పలేదు. చెబితే పెద్దబాపు బడికొచ్చి కొట్లాడతాడు, సారు నన్ను ఏడులోనే ఆపేస్తాడు. దెబ్బలు తిన్న చేతిని చెరువు నీళ్లలో తడుపుకొని ఇంటికి పోయేవాణ్ని. సారును ఏం చేయాలో ఆలోచిస్తూ నిద్రపోయేవాణ్ని. నాకప్పుడు ఒక్కటే కోరిక. మార్కులు కాదు, కొత్త చొక్కా కాదు. బజారు నడుమ, పదిమంది చూస్తుండగా, ఆ సారు తల వంచుకొని నడవాలి. అది కళ్లారా చూడాలి.

పెద్దబాపు భార్య, మా పెద్దవ్వ దగ్గర మాత్రం దాగలేదు. ఒక సాయంత్రం అన్నం కలుపుకోలేక వేళ్ల కొసలతో తింటుంటే నా మణికట్టు పట్టుకొని చెయ్యి తిప్పి చూసింది. ఆమె బీడీలు చుట్టేది. ఒళ్లోని బీడీల చాట కింద పెట్టేసింది. "ఎవడ్రా వాడు? వాని చేతులు పడిపోను! వానికి పిల్లలు లేరా?" అని వీధి వినేలా తిట్టింది. కారణం చెప్పక తప్పింది కాదు. ఆ దెబ్బలు తాను విరిచిన మాటలకు పడ్డవని విన్నప్పుడు పెద్దబాపు సగం తిన్న కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

మరునాడు ఆదివారం. స్టిక్కు పట్టుకొని వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"గీ మాట యాడ ఇరగాలెరా?"

"నాకు తెల్వది పెద్దబాపూ."

"మరి మీ సారు ఏం నేర్పుతుండు?"

"నేర్పుతలేడు. కొడ్తుండు."

పెద్దవ్వ అటు తిరిగి తునికాకు కత్తిరిస్తోంది. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అక్కడినుంచే అడిగింది. "ఏం మాటరా అది?"

"ఇన్ఫర్మేషన్."

"గంత పొడుగుదాన్ని ఒక్కసారే ఎట్ల మింగుతవ్? బుక్క బుక్క తిను. మెల్లగ అను."

ముద్దను మా వైపు బుక్క అంటాం. నేను మెల్లగా అన్నాను. ఇన్. ఆమె కత్తిరించిన ఆకు ఒకటి చాటలో పెట్టింది. ఫర్. ఇంకో ఆకు. మే. షన్. నాలుగు ఆకులు పక్కపక్కన, మధ్యలో సన్నటి సందులు.

"గీ సందుల ఇరువుండ్రి. ఆకును మాత్రం ఇరువద్దు. అంతే గద, గీ మాత్రం దానికి పోరని చెయ్యి పగలగొట్టాల్నా?"

పెద్దబాపు ఆ ఆకుల మీదికి వంగి ఒక్కో సందు మీదా వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత 'స్కూల్' అనమన్నాడు. అన్నాను. ఒక్క ఆకే పడింది. "గిది ఒక్క బుక్కనే. దీని జోలికి పోకుండ్రి" అంది పెద్దవ్వ. మరో మాటకు రెండు ఆకులు పడ్డాయి గానీ, పెద్దబాపు అక్షరాలు ఏరి చూస్తే మొదటి ఆకుకు ఒకే ఒక్క సీసపు అక్షరం వచ్చింది. దాన్ని ఒంటరిగా లైను చివర వదలాలా అని ఆయన సందేహం. పెద్దవ్వ ఆకు మీద ఆకు పెట్టేసింది. "ఒక్కదాన్నే యాడ ఇడిసిపెడ్తరు? జంటగ పోనియ్యుండ్రి." సారు డిక్షనరీలో ఉన్నది దాదాపు అంతే. ఇటుక అంత పుస్తకం మా ఇంట్లో ఒక బీడీల చాటలో సరిపోయింది.

ఆ రోజు నుంచి ప్రెస్సులో ఇంగ్లీషు పని వస్తే నేను మాటలు నములుతూ కూర్చునేవాణ్ని. పెద్దబాపు నా దవడ చూసి గీత పెట్టేవాడు. వారం తిరిగేసరికి నోటీసుబోర్డు మీద ఎర్రసున్నాలు తగ్గాయి. నెల తిరిగేసరికి ఒక్కటీ లేదు. సారు మా కరపత్రాలను వెలుతురులో పెట్టి, డిక్షనరీ పక్కన పెట్టుకొని వెతికేవాడు. దొరకనప్పుడు ఆయన ముఖం చూడాలి, ఎదుట పెట్టిన కంచాన్ని ఎవరో లాక్కున్నట్టు ఉండేది. అయినా బెత్తానికి సెలవు ఇవ్వలేదు. నా నీడ వంకరగా పడిందని కూడా ఒకసారి కొట్టాడు. పెద్దబాపు మాత్రం చాయ్ హోటల్ ముందు ఆయన్ని వదిలేవాడు కాదు. "నమస్తే సారూ! ఎర్రసిరా ఎండిపోతున్నట్టున్నది గదా, జర నీళ్లు కలుపుకోరాదుండ్రి."

ఇలా ఉండగా పెళ్లిళ్ల కాలం వచ్చింది. సారు కూతురికి సంబంధం కుదిరింది. అబ్బాయివాళ్లు ఆదిలాబాద్ వైపు, పత్తి వ్యాపారస్తులు, పట్టింపులు బాగా ఉన్న ఇల్లని ఊరంతా చెప్పుకున్నారు. సారు కార్డులు ఇంగ్లీషులో వేయించాలనుకున్నాడు. కరీంనగర్‌లో ప్రెస్సులన్నీ పనితో మునిగి ఉన్నాయి, ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఒక పొద్దున మా గడప ముందు నిలబడ్డాడు.

"లోపటికి రాండ్రి సారూ" అన్నాడు పెద్దబాపు.

"అక్కర్లే. కార్డులు గావాలె. ఎల్లుండి పొద్దటికి." టైపు చేసిన కాగితం గడప మీదినుంచే చాచాడు. ఏ లైను ఎక్కడ ఆగాలో, ఏ మాట ఎక్కడ విరగాలో ఎర్రసిరాతో తానే గీతలు పెట్టుకొచ్చాడు. "నేను గీత పెట్టిన కాడ్నే ఇరగాలె. ఒక్క గీత అటిటైనా కార్డులన్ని మోరీల ఏస్త. నీ తెలివి నా బిడ్డ లగ్గంల చూపియ్యకు."

ఆయన వెళ్లాక కాగితం చూశాం. విరుపుల్లో ఒక్క తప్పు లేదు. పెళ్లికొడుకు పేరు పొడుగుది, అయిదు బుక్కల పేరు. మూడో బుక్క తర్వాత ఎర్రగీత, మిగిలిన రెండు బుక్కలు కింది లైనులో. పెద్దవ్వ ఆకులు పెట్టి చూసుకున్నా సరిగ్గా అక్కడికే వస్తుంది.

కానీ మా వైపు లగ్గం పత్రికలో పెళ్లివారి పేరు విరవరు. మొదటి పత్రికకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెడతారు. తర్వాత ఇంటి ముసలివాళ్లు దాన్ని చేతిలోకి తీసుకొని, పేరు మీద వేలు పెట్టి ఎవరిచేతనైనా చదివించుకుంటారు. ఆ పేరు సగంలో తెగి, తెగినచోట గీత పడి ఉంటే వేలు అక్కడే ఆగిపోతుంది. ముసలివాళ్ల మనసూ అక్కడే ఆగిపోతుంది. ఆ కార్డు వెనక్కి వస్తుంది. ఒక్కోసారి కార్డుతోపాటు సంబంధం కూడా. పెద్దబాపు తన జన్మలో ఏ పత్రికలోనూ పేరు విరిచినవాడు కాదు. లైను ఖాళీగా వదిలేసైనా పేరును ఒక్కచోట నిలబెట్టేవాడు. ఎంతసేపూ చుక్కలే చూసుకున్న సారుకు ఇది తట్టనే లేదు.

నేను ఎదురుచూసిన రోజు దానంతట అదే నడిచి వచ్చింది. మేం చేయవలసింది ఏమీ లేదు. ఆయన రాసిచ్చింది రాసిచ్చినట్టు అచ్చు వేస్తే చాలు.

ఇక్కడ సారు బిడ్డ గురించి ఒక మాట చెప్పాలి. ఆ అక్క నాతో ఎన్నడూ మాట్లాడింది లేదు. కానీ ఒకసారి, ఎనిమిది దెబ్బల రోజున, వాళ్ల ఇంటి ముందు బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటూ నా చెయ్యి చూసింది. బిందె పక్కకు జరిపి, నా మణికట్టు పట్టుకొని, బోరింగు కింద పెట్టి రెండో చేత్తో కొడుతూ నిలబడింది. నీళ్లు చల్లగా పడుతూ ఉన్నాయి. వాళ్ల నాన్న లోపలినుంచి పిలిచేదాకా కొట్టింది.

పెద్దబాపు స్టిక్కు చేతిలోకి తీసుకున్నాడు. "రాసిచ్చినట్టే కొడ్దాం. గీత ఆయనది, ఖర్మ ఆయనది" అన్నాడు.

అప్పుడు, పన్నెండేళ్లవాణ్ని, నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "పెద్దబాపూ, మన కోపం సారు మీద. అక్క మీద ఏం కోపం?" అన్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను దగ్గరికి తీసుకొని, "నువ్వు నాకంటే పెద్దోనివిరా" అన్నాడు. గోడ మీది బల్లి కూడా తల ఊపింది. ఒట్టు.

పెద్దబాపు ఆ పేరును విరవకుండా మొత్తంగా కింది లైనుకు దించాడు. పై లైను సగం ఖాళీగా ఉండిపోయింది. మధ్యాహ్నానికల్లా మిషను ఎక్కించి అచ్చు వేసేశాడు. మూడో రోజు పొద్దున సారు వచ్చి, పై కార్డు తీసి, చూసి, మండిపడ్డాడు.

"నా గీత ఏది? సగం లైను ఖాళీగ ఇడిసిపెట్టి పేరు కిందికి గుంజినవ్. కావాల్నని చేసినవ్ గద! చదువు రానోడు చదువుకున్నోని మీద పగబట్టుడంటే గిదే!"

పెద్దబాపు గుడ్డతో చేతి సిరా తుడుచుకుంటూ నిలబడ్డాడు. కారణం చెప్పలేదు. మళ్లీ అచ్చు వేయించే వ్యవధి లేక సారు కట్టలు చంకన పెట్టుకొని, మోరీలో, ఆ మురుక్కాలువలో వేస్తానన్నవాటినే జాగ్రత్తగా తీసుకొని వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే తల వంచుతడు గదరా. బిడ్డ లగ్గం ముంగట తండ్రిని తల వంచనియ్యద్దు."

సోమవారం సారు క్లాసులోకి వస్తూనే నన్ను లేపాడు. "చెయ్యి పట్టు. మీ పెద్దబాపు గీత పెట్టాల్సిన కాడ పెట్టలే." ఒకే దెబ్బ. ఎన్నో తిన్నాను గానీ అంత గట్టిది ముందూ లేదు, తర్వాతా లేదు. లేని గీతకు దెబ్బ తిన్న విద్యార్థి మన దేశంలో నేనొక్కణ్నే అయి ఉంటాను.

లగ్గం బాగా జరిగింది. అక్క ఆదిలాబాద్ వెళ్లింది. ఇంత జరిగాక సారు మీద నా మనసు కరిగిందని చెబితే మీకు బాగుంటుంది, కానీ కరగలేదు. సారుకు ఇప్పుడు ఎనభై దాటాయి. పొద్దున నడకకు వస్తూ నా అచ్చు దుకాణం ముందు ఆగి, ఫ్లెక్సీల మీది ఇంగ్లీషులో తప్పులు చేతికర్రతో పొడిచి చూపిస్తాడు. నేను కనబడనట్టు లోపలికి వెళతాను. పెద్దబాపు పోయాక నేను పెట్టుకున్న దుకాణంలో సీసపు అక్షరాలు లేవు. కంప్యూటరు ఉంది. మాటను ఎక్కడ విరవాలో అదే చూసుకుంటుంది, దానికి పెద్దవ్వ అక్కర్లేదు. కానీ లగ్గం కార్డు వచ్చినప్పుడు నేను కుర్చీ దగ్గరికి లాక్కుంటాను. పేరు దగ్గర దాని ఇష్టానికి వదలను. లైను సగం ఖాళీ పోయినా సరే, పేరును ఒక్కచోటే నిలబెడతాను.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. అన్నం తినే చేతి మీద ఒట్టు వేసి తప్పించుకోలేను. బెత్తం నాలుగో బెంచీ దాకా అందకపోవచ్చు, మూడు దాకా అందేది. బల్లి సంగతి మీకే తెలుసు. నేను నిజంగా కల్పించింది ఒక్కచోట, "అక్క మీద ఏం కోపం" అన్న మాట దగ్గర. ఆ మాట నాది కాదు, పెద్దబాపుది. "రాసిచ్చినట్టే కొడ్దాం, గీత ఆయనది, ఖర్మ ఆయనది" అన్నది నేను.

ఆయన నా మాట వినకుండా పేరు దించి, మిషను ఎక్కించి, అన్నానికి ఇంట్లోకి వెళ్లాడు. ఆ కాసేపట్లో నేను పేరును విప్పి, సారు కాగితంలో ఉన్నట్టే విరిచి, మూడో బుక్క తర్వాత గీత పెట్టి, మిషను తొక్కడం మొదలుపెట్టాను. ముప్ఫై కార్డులు పడేసరికి ఆయన వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ముప్ఫై కార్డులనూ పెద్దవ్వ పొయ్యిలో పెట్టి, కాలేదాకా అక్కడే కూర్చున్నాడు. తిరిగి వచ్చి పేరును మళ్లీ ఒక్కచోట పేర్చాడు. బయటికి తీసిన ఆ సీసపు గీతను గళ్ల పెట్టెలో వేయకుండా నా అరచేతిలో, సారు తేల్చిన గీతల మీద పెట్టి, వేళ్లు మూశాడు. "గిది నీ కాడ్నే ఉంచుకో" అన్నాడు. నా దుకాణం సొరుగులో ఉంది, వచ్చి చూడవచ్చు.

సోమవారం పడ్డ దెబ్బ మాత్రం పడ్డట్టే చెప్పాను. సారు నన్ను ఏడాది పొడుగునా కొట్టినవాటిలో న్యాయంగా పడింది అదొక్కటే. అది ఆయనకు ఇప్పటికీ తెలియదు.